ఇవాల్‌ను పక్కనపెట్టి మాక్రో రాయడం ఎలా?

లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రాం కూడా ఒక జాబితాయే అని తెలిసిన వారం లోపే చాలామంది చేసే పని ఒకటి ఉంది. కోడ్‌ను జాబితాగా పేర్చి, ఇవాల్ చేతికి, అంటే జాబితాను కోడ్‌గా నడిపే ఫంక్షన్‌కు ఇస్తారు. అది నడుస్తుంది. నడిచింది కాబట్టి అదే దారి అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. చాలాకాలం తర్వాత ఆ పాత ఫైళ్లు తెరిచి దాదాపు ఇవాల్‌లన్నీ ఒక్కొక్కటిగా తీసేయాల్సి వచ్చింది. ఆ పని చేస్తూ నేర్చుకున్న వరుస ఇది. మాక్రో అంటే, ప్రోగ్రాం నడవకముందే, కంపైల్ సమయంలో కోడ్‌ను పుట్టించే కోడ్.

ముందుగా కోడ్ గురించి ఒక మాట. ఇక్కడ వాడేది కామన్ లిస్ప్ అనే లిస్ప్ రకం, దాని కంపైలర్లలో ఒకటైన ఎస్‌బీసీఎల్. డెఫన్, లెట్, ప్రోగ్‌ఎన్ వంటి లిస్ప్ సొంత మాటలను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇచ్చాను. మీరు టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఫంక్షన్లకూ వేరియబుళ్లకూ పెట్టిన తెలుగు పేర్లు మాత్రం ఎస్‌బీసీఎల్‌లో ఉన్నవి ఉన్నట్టే పనిచేస్తాయి. అయితే పొల్లు తర్వాత అక్షరాలను విడదీయడానికి వాడే, కంటికి కనిపించని గుర్తు అవసరమయ్యే పేర్లు పెట్టకండి. ఆ గుర్తు ఉన్న పేరూ లేని పేరూ తెర మీద దాదాపు ఒకేలా కనిపించవచ్చు. లిస్ప్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు.

మనం బాగుచేయబోయే కోడ్ ఇది. కొలతలను మార్చే ఫంక్షన్లు కొన్ని కావాలి, అన్నీ ఒకే పోతలో ఉంటాయి. ఇందులోని బ్యాక్‌కోట్ (`), కామాల సంగతి నాలుగో అడుగులో వస్తుంది.

(డెఫన్ మార్పిడి-చేర్చు (పేరు గుణకం)
  (ఇవాల్ `(డెఫన్ ,పేరు (విలువ)
            (* విలువ ,గుణకం))))

(మార్పిడి-చేర్చు 'అడుగు-అంగుళాలు 12)
(మార్పిడి-చేర్చు 'గజం-అడుగులు 3)
(మార్పిడి-చేర్చు 'మైలు-గజాలు 1760)

ప్రాంప్ట్ దగ్గర (కొట్టిన వరుసకు లిస్ప్ వెంటనే జవాబిచ్చే చోట) కూర్చుని ఒక్కో వరుస కొడితే ఇందులో తప్పేమీ కనిపించదు. దీన్ని ఫైల్లో పెట్టి కంపైల్ చేసి చూడండి. కంపైలర్‌కు కనిపించేవి మూడు మామూలు ఫంక్షన్ పిలుపులు మాత్రమే. వాటి కడుపులో ఫంక్షన్‌ను నిర్వచించే డెఫన్ ఉందని దానికి తెలియదు. అందుకే అదే ఫైల్లో కింద ఎక్కడైనా (మైలు-గజాలు 26) అని రాస్తే, ఆ పేరుతో ఫంక్షన్ లేదని హెచ్చరిస్తుంది. నాలుగు రోజులకు ఆ హెచ్చరికలు అలవాటైపోతాయి. అయిదో రోజు మీరు నిజంగానే పేరు తప్పు రాసినప్పుడు వచ్చే హెచ్చరిక కూడా వాటిలో కలిసిపోతుంది. ఒక ఆర్గ్యుమెంట్ ఇవ్వాల్సిన చోట రెండు ఇచ్చినా కంపైల్ సమయంలో పట్టుకునేవారు ఉండరు.

రెండో చిక్కు ఇంకా మొండిది.

(లెట్ ((వంతు 3))
  (ఇవాల్ '(* వంతు 5)))

జవాబు 15 రాదు, వంతు అనే వేరియబుల్‌కు విలువ లేదన్న ఎర్రర్ వస్తుంది. ఇవాల్ తనకిచ్చిన జాబితాను ఖాళీ పరిసరంలో లెక్కిస్తుంది. చుట్టూ ఉన్న లెట్‌లోని పేర్లు దానికి కనిపించవు, డెఫ్‌వార్, డెఫ్‌పారామీటర్‌లతో ప్రకటించిన గ్లోబల్ వేరియబుళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఇది ఏదో ఒక కంపైలర్‌లోని లోపం కాదు, భాషా ప్రమాణమే అలా చెబుతోంది. ఈ గోడ తగిలిన చాలామంది లోపలి వేరియబుళ్లను గ్లోబల్‌గా మార్చేస్తారు. ఒక తప్పును నిలబెట్టడానికి పది తప్పులు చేయడం అక్కడే మొదలవుతుంది.

వేగం సంగతి చివరన చెప్పినా చాలు. ఎస్‌బీసీఎల్ మామూలు అమరికలో ఉన్నప్పుడు, ఇవాల్‌కు ఇచ్చిన చాలా రకాల కోడ్‌ను అప్పటికప్పుడు కంపైలర్‌కు పంపుతుంది. అంటే లూపు లోపల ఇవాల్ పెడితే, ప్రతి చుట్టులోనూ కంపైలర్‌ను నిద్రలేపుతున్నారన్న మాట.

ఇవాల్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. జాన్ మెకార్తీ 1960లో ప్రచురించిన పత్రంలో లిస్ప్‌ను లిస్ప్‌లోనే వివరించడానికి ఇవాల్‌ను కాగితం మీద రాశారు. స్టీవ్ రస్సెల్ దాన్ని ఐబీఎం 704 యంత్రానికి ఎక్కించడంతో ఇంటర్‌ప్రిటర్ పుట్టింది. మాక్రోలు తర్వాత వచ్చాయి. తిమోతీ హార్ట్ 1963లో వాటిని ప్రతిపాదించారు. మీరు రోజూ వాడే ప్రాంప్ట్ కూడా చదివి, ఇవాల్ చేసి, అచ్చువేసే ఒక లూపే. ఇవాల్‌కు తన చోటు తనకుంది. మన చిక్కు, దాన్ని ఆ చోటు దాటించడం.

మొదటి అడుగు: ఒకే ఒక ప్రశ్న

ఇవాల్ కనిపించిన ప్రతి చోటా ఆగి, ఇలా అడగండి: ఇందులోకి వెళ్లే జాబితా ఆకారం నాకు ఎప్పుడు తెలుస్తుంది? ఫైలు రాస్తున్నప్పుడే తెలుసా, ప్రోగ్రాం నడిచేటప్పుడు బయటి నుంచి వస్తుందా?

మన కొలతల ఉదాహరణలో పేర్లూ గుణకాలూ రాసేటప్పుడే తెలుసు. అది మాక్రో పని. వాడుకరి ఒక సూత్రాన్ని టైపు చేస్తే దాన్ని లెక్కించాలంటే, ఆ సూత్రం రాసేటప్పుడు మీ దగ్గర ఉండదు. అక్కడ మాక్రో ఏమీ చేయలేదు, ఎందుకంటే మాక్రో పని కంపైల్ సమయంలోనే ముగిసిపోతుంది. ఈ తేడా పట్టుబడితే మిగతాదంతా చేతి అలవాటు.

రెండో అడుగు: మాక్రో కన్నా ముందు ఫంక్షన్‌తో ప్రయత్నించండి

నేను తీసేసిన ఇవాల్‌లలో ఎక్కువ వాటికి మాక్రో కూడా అవసరం లేకపోయింది. ఉదాహరణకు ఇది:

(ఇవాల్ (కాన్స్ 'మాక్స్ సంఖ్యలు))

ఇది చేసేదల్లా ఒక జాబితాలోని సంఖ్యల్లో పెద్దది కనుక్కోవడం. దానికి (అప్లై #'మాక్స్ సంఖ్యలు) చాలు. జాబితా చాలా పొడవుగా ఉండవచ్చనుకుంటే (రెడ్యూస్ #'మాక్స్ సంఖ్యలు) మేలు. ఒక పిలుపులో ఎన్ని ఆర్గ్యుమెంట్లు పట్టాలనే దానికి ప్రమాణం ఇచ్చే హామీ 49 వరకు మాత్రమే, అసలు హద్దు ఒక్కో లిస్ప్‌లో ఒక్కోలా ఉంటుంది.

ఇవాల్‌తో ఇలాంటి పనిలో ఒక దొంగ దెబ్బ కూడా ఉంది. జాబితాలో సంఖ్యలున్నంతసేపు బాగానే ఉంటుంది. ఏదో ఒకరోజు అందులోకి (1 2) అనే చిన్న జాబితా వస్తుంది. ఇవాల్ దాన్ని విలువగా చూడదు, 1 అనే ఫంక్షన్‌కు పిలుపు అనుకుని ఎర్రర్ ఇస్తుంది. అప్లై ఇచ్చిన విలువలను మళ్లీ లెక్కించదు కాబట్టి ఈ బాధ లేదు.

అలాగే, పేరు చేతిలో ఉండి దాని విలువ కావాల్సినప్పుడు (ఇవాల్ పేరు) అని రాస్తుంటారు. పేరు గ్లోబల్ వేరియబుల్‌దైతే (సింబల్-వాల్యూ పేరు) అదే ఇస్తుంది, దాన్ని సెట్ఎఫ్‌తో మార్చవచ్చు కూడా. ఫంక్షన్ పేరు చేతిలో ఉంటే (ఫన్‌కాల్ పేరు ...) సరిపోతుంది. ఇవన్నీ తీసేశాక మిగిలినవే అసలు మాక్రో గిరాకీలు.

మూడో అడుగు: కావాల్సిన కోడ్‌ను చేత్తో రాయండి

మాక్రో రాయబోయే ముందు, అది ఏ కోడ్‌ను పుట్టించాలో ఒక్క ఉదాహరణ పూర్తిగా రాయండి. బద్ధకించకండి. తెల్లకాగితం మీద బ్యాక్‌కోట్లతో మొదలుపెట్టినవారే చివరికి చిక్కుముడిలో పడతారు.

(డెఫన్ అడుగు-అంగుళాలు (విలువ)
  (* విలువ 12))

ఇందులో ఒక్కో వాడుకకు మారేవి రెండే: పేరు, 12. మారేవాటి కింద గీత గీయండి. అవే మాక్రో ఆర్గ్యుమెంట్లు.

నాలుగో అడుగు: అచ్చు పోయండి

(డెఫ్‌మాక్రో మార్పిడి (పేరు గుణకం)
  `(డెఫన్ ,పేరు (విలువ)
     (* విలువ ,గుణకం)))

(మార్పిడి అడుగు-అంగుళాలు 12)

బ్యాక్‌కోట్ పెట్టిన జాబితా ఒక అచ్చు. అందులో ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. కామా పెట్టిన చోట మాత్రం ఆ పేరుకు ఉన్న విలువ వచ్చి కూర్చుంటుంది. పాత ఇవాల్ కోడ్‌తో పోల్చి చూడండి: లోపలి అచ్చులో ఒక్క అక్షరం మారలేదు. పోయింది ఇవాల్ ఒక్కటే. పిలిచే చోట పేరు ముందున్న కోట్ (') కూడా పోయింది, ఎందుకంటే మాక్రో తన ఆర్గ్యుమెంట్లను లెక్కించకుండా, రాసినవి రాసినట్టే అందుకుంటుంది. పాత అలవాటుతో ఆ కోట్ అక్కడే ఉంచేస్తే డెఫన్‌కు (కోట్ అడుగు-అంగుళాలు) అనే జాబితా అందుతుంది, అది సరైన ఫంక్షన్ పేరు కాదని ఎర్రర్ వస్తుంది. ఇవాల్ నుంచి మాక్రోకు మారేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

చాలా వాటిని ఒకేసారి ప్రకటించాలంటే:

(డెఫ్‌మాక్రో మార్పిడులు (&రెస్ట్ జతలు)
  `(ప్రోగ్‌ఎన్
     ,@(మ్యాప్‌కార్ (లాంబ్డా (జత)
                  `(మార్పిడి ,(ఫస్ట్ జత) ,(సెకండ్ జత)))
                జతలు)))

(మార్పిడులు
  (అడుగు-అంగుళాలు 12)
  (గజం-అడుగులు 3)
  (మైలు-గజాలు 1760)
  (అంగుళం-సెంమీ 127/50))

&రెస్ట్ అంటే, ఇచ్చిన ఆర్గ్యుమెంట్లన్నీ జతలు అనే ఒకే జాబితాగా అందుతాయి. కామా పక్కన @ పెడితే జాబితా బయటి బ్రాకెట్లు ఊడిపోయి, లోపలివి వరుసగా పరుచుకుంటాయి. 127/50 అంటే 2.54. లిస్ప్‌లో భిన్నం భిన్నంగానే ఉంటుంది కాబట్టి దశాంశాల దగ్గర చిన్నచిన్న తేడాలు రావు.

చుట్టడానికి ప్రోగ్‌ఎన్‌నే ఎందుకు వాడాలి? ఫైలు పై మట్టంలో (అంటే మరే వాక్యం లోపలా లేకుండా) ఉన్న ప్రోగ్‌ఎన్ లోపలి వాక్యాలను కంపైలర్ పై మట్టంలోనివిగానే చూస్తుంది. అందువల్ల నాలుగు డెఫన్‌లూ మీరు చేత్తో రాసినట్టే దానికి తెలుస్తాయి. ఇందాకటి బూటకపు హెచ్చరికలు మాయమవుతాయి, నిజమైనవి మిగులుతాయి. అదే లెట్‌తో చుట్టి ఉంటే ఈ సౌకర్యం పోతుంది.

అయిదో అడుగు: విప్పి చూడండి

(మాక్రోఎక్స్‌పాండ్-1 '(మార్పిడి గజం-అడుగులు 3))

మాక్రో పుట్టించిన కోడ్‌ను ఇది జాబితాగా చూపిస్తుంది. మూడో అడుగులో చేత్తో రాసుకున్న దానితో పోల్చండి. చివర 1 ఉన్న రూపం ఒక్క పొర మాత్రమే విప్పుతుంది, మొదట్లో అదే వాడండి. 1 లేని రూపం, పైన ఉన్నది మాక్రో కాకుండా పోయేదాకా విప్పుకుంటూ పోతుంది. డెఫన్ కూడా మాక్రోయే కాబట్టి అది దాన్నీ చీల్చి, మీకు అక్కరలేని లోపలి సరంజామానంతా ముందు పోస్తుంది. ఈమ్యాక్స్ ఎడిటర్‌లో లిస్ప్ కోసం స్లైమ్ అనే పొడిగింపు వాడేవారికి దీనికి మీట కూడా ఉంది. ప్రతి కొత్త మాక్రోనూ ఒక్కసారైనా ఇలా చూడకుండా ముందుకు వెళ్లకండి.

ఆరో అడుగు: పేర్లు ఢీకొనకుండా, లెక్క రెండుసార్లు జరగకుండా

ఇవాల్‌కు కనిపించని లోపలి వేరియబుళ్లు మాక్రోకు కనిపిస్తాయి. మాక్రో పుట్టించిన కోడ్ పిలిచిన చోటే అతుక్కుంటుంది కాబట్టి ఇది పనిచేస్తుంది:

(లెట్ ((వంతు 3))
  (మార్పిడి గజం-అడుగులు వంతు))

(గజం-అడుగులు 5) అంటే 15 వస్తుంది. ఇప్పుడు వంతు అన్న చోట పేరు మార్చి చూడండి.

(లెట్ ((విలువ 3))
  (మార్పిడి గజం-అడుగులు విలువ))

(గజం-అడుగులు 5) ఇప్పుడు 25 ఇస్తుంది. ఎర్రర్ లేదు, తప్పు జవాబు మాత్రం ఉంది. అచ్చులో మనం పెట్టుకున్న విలువ అనే పేరు, పిలిచినవారి విలువను మింగేసింది. చేత్తో విప్పి చూస్తే (* విలువ విలువ) అని కనిపిస్తుంది. దీనికి మందు జెన్‌సిమ్. అది ప్రోగ్రాంలో మరెక్కడా ఉండే అవకాశం లేని కొత్త పేరును పుట్టిస్తుంది.

(డెఫ్‌మాక్రో మార్పిడి (పేరు గుణకం)
  (లెట్ ((చోటు (జెన్‌సిమ్)))
    `(డెఫన్ ,పేరు (,చోటు)
       (* ,చోటు ,గుణకం))))

అచ్చులో మీరు సొంతంగా ప్రవేశపెట్టే ప్రతి వేరియబుల్‌కూ ఇలా చేయండి. ఈ ఒక్కచోట ఢీకొనదులే అన్న నమ్మకం మీద వదిలేయకండి.

రెండో ప్రమాదం, ఒకే ఆర్గ్యుమెంట్‌ను అచ్చులో రెండుచోట్ల వాడడం.

(డెఫ్‌మాక్రో రెండింతలు (అంకె)
  `(+ ,అంకె ,అంకె))

లెక్క విలువ 5 ఉండగా (రెండింతలు (ఇంక్ఎఫ్ లెక్క)) అంటే 12 రావాలి. 13 వస్తుంది. ఇంక్ఎఫ్ రెండుసార్లు జరిగి 6, 7 కలిశాయి. జెన్‌సిమ్ పేరుతో ఒక లెట్ పెట్టి, విలువను ఒకసారి పట్టుకుని, తర్వాత ఆ పేరునే వాడాలి. అసలైతే రెండింతలు మాక్రో కావాల్సిన పనే కాదు, ఫంక్షన్ చాలు. మాక్రోను ఫన్‌కాల్‌కో మ్యాప్‌కార్‌కో ఇవ్వలేరు కూడా. కేవలం వేగం కోసం మాక్రో రాయాలనిపిస్తే, ఫంక్షన్ రాసి దానికి ఇన్‌లైన్ ప్రకటన (పిలిచిన చోటే దాని కోడ్‌ను పెట్టమని కంపైలర్‌కు చెప్పే మాట) ఇవ్వండి.

ఏడో అడుగు: జాబితా వేరియబుల్లో ఉంటే

ఇవాల్ మళ్లీ దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చేది ఇక్కడే. కొలతల జాబితా ఇంకోచోట కూడా అవసరమై, ఇలా పెట్టారనుకుందాం.

(డెఫ్‌పారామీటర్ *కొలతలు*
  '((అడుగు-అంగుళాలు 12) (గజం-అడుగులు 3)))

(మార్పిడులు *కొలతలు*)

ఇది పనిచేయదు. మాక్రోకు అందేది జాబితా కాదు, *కొలతలు* అనే సింబల్. దాన్ని జతగా భావించి ఫస్ట్ తీయబోతే అది జాబితా కాదన్న ఎర్రర్ వస్తుంది. వెంటనే మాక్రో లోపలే (ఇవాల్ ...) పెట్టాలనిపిస్తుంది. పెడితే ప్రాంప్ట్ దగ్గర నడుస్తుంది కూడా. లిస్ప్‌ను మూసి, మళ్లీ తెరిచి, ఫైలు కంపైల్ చేస్తే కూలిపోతుంది. కంపైల్ చేసేటప్పుడు డెఫ్‌పారామీటర్ కేవలం అనువాదమవుతుంది, అమలు కాదు. వేరియబుల్‌కు అప్పటికింకా విలువ ఉండదు.

దీనికి నాకు నచ్చిన పరిష్కారం దిశ తిప్పడం. వేరియబుల్ నుంచి ఫంక్షన్లు తీయవద్దు, మాక్రో చేతనే రెండూ పుట్టించండి.

(డెఫ్‌మాక్రో మార్పిడులు (&రెస్ట్ జతలు)
  `(ప్రోగ్‌ఎన్
     (డెఫ్‌పారామీటర్ *కొలతలు* ',జతలు)
     ,@(మ్యాప్‌కార్ (లాంబ్డా (జత)
                  `(మార్పిడి ,@జత))
                జతలు)))

జాబితా ఒకేచోట రాస్తారు, దత్తాంశం రూపంలోనూ ఫంక్షన్ల రూపంలోనూ అదే దొరుకుతుంది. కోట్ పక్కనే కామా ఉన్న ఆ జంట మొదట వింతగా కనిపిస్తుంది. జతల విలువను తెచ్చి దానికి కోట్ తొడగడమే దాని పని.

ఇలాంటిదే ఇంకొకటి: మాక్రో తన పనిలో ఒక సహాయ ఫంక్షన్‌ను పిలుస్తుంటే, ఆ ఫంక్షన్ కంపైల్ సమయంలోనే సిద్ధంగా ఉండాలి. ఒకే ఫైల్లో ఉంటే దాన్ని ఇవాల్-వెన్ అనే వాక్యంలో చుట్టి, కంపైల్, లోడ్, అమలు మూడు సందర్భాలనూ పేర్కొనండి. పేరులో ఇవాల్ ఉందని బెదరకండి, అది వేరే సరుకు. లేదా సహాయ ఫంక్షన్లను ముందుగా లోడయ్యే వేరే ఫైల్లో పెట్టండి. మాక్రో దాని వాడుకల కన్నా పైనే ఉండాలని వేరే చెప్పక్కరలేదు.

మాక్రోను మార్చాక, దాన్ని వాడిన ఫంక్షన్లన్నిటినీ మళ్లీ కంపైల్ చేయాలి. పాత విస్తరణ వాటిలో అప్పటికే అతుక్కుపోయి ఉంటుంది. ఈ సంగతి తెలిసి కూడా ఒక మధ్యాహ్నమంతా సరైన మాక్రోలో లేని తప్పు కోసం వెతికాను.

ఎనిమిదో అడుగు: నిజంగా నడిచేటప్పుడే వచ్చేది

మొదటి ప్రశ్నకు బయటి నుంచి వస్తుందన్న జవాబు వచ్చినవి మిగిలాయి. వాడుకరి (+ చలం (* 2 3)) వంటి సూత్రం ఇస్తాడు, చలానికి రకరకాల విలువలు పెట్టి లెక్కించాలి. దాన్ని రీడ్ చేసి (అంటే టైపు చేసిన పాఠాన్ని జాబితాగా మార్చి) ఇవాల్‌కు ఇస్తే మీ కంప్యూటర్ తాళాలు అతని చేతిలో పెట్టినట్టే: ఫైళ్లు చెరిపే వాక్యం కూడా సూత్రమే అవుతుంది. ఇంకా లోతైన చిక్కు, రీడ్ దశలోనే ఉంది. హ్యాష్ పక్కన చుక్క ఉన్న రాతను చదవడంలోనే దాని తర్వాతి కోడ్ అమలైపోతుంది. *రీడ్-ఇవాల్* అనే వేరియబుల్‌ను నిల్ చేసిగానీ బయటి పాఠాన్ని రీడ్‌కు ఇవ్వకండి.

ఆ తర్వాత ఇవాల్ బదులు, సూత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసుకుంటూ వెళ్లి క్లోజర్‌గా, అంటే తనకు కావాల్సిన విలువలను తనలోనే పట్టుకుని ఉండే ఫంక్షన్‌గా కట్టండి.

(డెఫన్ కట్టు (సూత్రం)
  (కాండ్
    ((నంబర్‌పీ సూత్రం) (కాన్‌స్టంట్లీ సూత్రం))
    ((ఈక్యూ సూత్రం 'చలం) #'ఐడెంటిటీ)
    (టీ
     (డిస్ట్రక్చరింగ్-బైండ్ (గుర్తు ఎడమ కుడి) సూత్రం
       (లెట్ ((చర్య (ఈకేస్ గుర్తు
                    (+ #'+) (- #'-) (* #'*)))
             (మొదటిది (కట్టు ఎడమ))
             (రెండోది (కట్టు కుడి)))
         (లాంబ్డా (విలువ)
           (ఫన్‌కాల్ చర్య
                    (ఫన్‌కాల్ మొదటిది విలువ)
                    (ఫన్‌కాల్ రెండోది విలువ))))))))

(కట్టు '(+ చలం (* 2 3))) ఒక ఫంక్షన్‌ను ఇస్తుంది, దానికి 4 ఇస్తే 10 వస్తుంది. ఈకేస్‌లో రాసిన మూడు గుర్తులు తప్ప మరేదీ లోపలికి రాలేదు, వస్తే ఎర్రర్. సూత్రం ఆకారాన్ని పరిశీలించే పని ఒకసారే జరుగుతుంది, తర్వాత వెయ్యిసార్లు పిలిచినా అది మళ్లీ జరగదు.

అదే సూత్రాన్ని కోట్లసార్లు లెక్కించాల్సి వచ్చి, క్లోజర్ వేగం కూడా చాలకపోతే, పరీక్షించి వడపోసిన సూత్రాన్ని లాంబ్డా జాబితాలో పెట్టి కంపైల్ అనే ఫంక్షన్‌కు ఒక్కసారి ఇవ్వండి.

(కంపైల్ నిల్ `(లాంబ్డా (చలం) ,సూత్రం))

వచ్చిన ఫంక్షన్‌ను ఒక వేరియబుల్లో దాచుకుని వాడండి. ఇది ఇవాల్‌కు దగ్గరి బంధువే. లోపలి వేరియబుళ్లు దీనికీ కనిపించవు, అందుకే చలాన్ని ఆర్గ్యుమెంట్‌గా పంపుతున్నాం. నా పాత ఫైళ్లలో చివరికి మిగిలిన రెండు చోట్లలో ఒకటి ఇలా మారింది. రెండోది నేను సొంతంగా రాసుకున్న ఒక చిన్న ప్రాంప్ట్. అక్కడ ఇవాల్‌ను అలాగే ఉంచాను.